మిగిలిన రెండు వచనాలు

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి ఉదయాన ఇంటికొక వాగ్దానం కార్డు ఇస్తారు. దానిమీద ఒక వచనం ఉంటుంది. ఆ ఏడాదంతా ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట అదేనని నమ్మకం. ఇప్పుడు చాలా ఊళ్ళలో పూలబొమ్మలతో అచ్చువేసినవి కొని పంచుతున్నారు. రేపల్లెలో మా సంఘంలో మాత్రం చేత్తో రాసినవే. రాసేది నేను. బడిలో తెలుగు చెబుతాను కనుక చేతిరాత కుదురుగా ఉంటుందని పంతొమ్మిదేళ్ళ కిందట ఆ పని నాకు అప్పగించారు.

ఆరాధన అయ్యాక ఇంటికొకరు ముందుకు వస్తారు. ఇత్తడి పళ్ళెంలో కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. వచ్చింది నచ్చలేదని ఇంకొకటి తీయకూడదు, ఒకరిది ఒకరు మార్చుకోకూడదు. పళ్ళెం పట్టుకుని నిలబడేదీ నేనే కనుక మా ఇంటి కార్డు ఎప్పుడూ నా భార్య కరుణశ్రీ తీసేది. మాకు పిల్లలు లేరు.

కరుణశ్రీ జులైలో చనిపోయింది.

డిసెంబరు మొదటివారంలో పాస్టరు రమేష్ బాబుగారు తెనాలి నుంచి అట్టముక్కల కట్ట తెప్పించి, గుడ్డసంచిలో పెట్టి, తనే మా ఇంటికి తెచ్చారు. ఆయన ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్నవారే.

"ఈ ఏడు అచ్చువి తెప్పించమంటే తెప్పిస్తాను మాస్టారూ. మీరు మొహమాటపడొద్దు," అన్నారు.

చూద్దాం అన్నాను. క్రిస్మస్ కూడా వెళ్ళిపోయింది. సంచి బల్లమీదే ఉండిపోయింది. దుఃఖంలో ఉన్నాడు కాబట్టి రాయలేకపోతున్నాడని అందరూ అనుకున్నారు. అది నిజమే కాని, పూర్తి నిజం కాదు.

కిందటి ఏడాది ఈ రోజులకు ఆమె మూత్రపిండాలు పాడై ఏడాదిన్నర అయింది. వారానికి రెండుసార్లు తెనాలిలో డయాలసిస్. పొద్దున్నే పాసింజరులో వెళ్ళి సాయంత్రం దానిలోనే వచ్చేవాళ్ళం. వెళ్ళేటప్పుడు వేమూరు దాటేదాకా ఏవో కబుర్లు చెబుతూ ఉండేది. వచ్చేటప్పుడు నా భుజంమీద తలపెట్టి నిద్రపోయేది. భట్టిప్రోలు వచ్చేసరికి భుజం తిమ్మిరెక్కేది. అయినా కదిలేవాణ్ణి కాదు.

ఆ డిసెంబరులో తొంభై కార్డులు రాసినప్పుడు ఒకదానిమీద, రోగం నుంచి స్వస్థపరుస్తానని దేవుడు చెప్పే వచనం రాశాను. రాసి, దాని అంచున బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కాను. జనవరి ఒకటిన ఆమె నా ముందుకు వచ్చి కళ్ళు మూసుకున్నప్పుడు, పళ్ళెం కొంచెం తిప్పి ఆ కార్డు ఆమె వేళ్ళకు తగిలేట్టు జరిపాను. ఆమె కళ్ళు తెరిచి ఒకసారి నా ముఖం చూసింది. మళ్ళీ మూసుకుని దాన్నే తీసుకుంది.

ఇంటికి వచ్చాక, ఏం వచ్చిందని నేను అడగలేదు. నాకు తెలుసు కదా. ఆమె, "ఈసారి కార్డు నేనే దాచుకుంటానండీ," అంది. సరే అన్నాను.

ఏడు నెలలకు ఆమె పోయింది. దేవుడు ఇవ్వాల్సినదాన్ని నేను ఇచ్చాను. పరీక్షల్లో కాపీ కొట్టొద్దని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మనిషిని. ఇక ఏ ముఖంతో ఇంకొకరికి వాగ్దానం రాయాలి?

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం కృపమ్మ వచ్చింది. చర్చి ఊడ్చి, గంట కొట్టి, చర్చి వెనక గదిలో ఉండే మనిషి. అరవై దాటాయి. చదువు రాదు. ఆరాధనలో కరుణశ్రీ ఎప్పుడూ ఆమె పక్కనే చాపమీద కూర్చునేది. అంత స్నేహం ఉన్న మనిషి, భూస్థాపన రోజు తర్వాత మా గడప తొక్కలేదు.

"లోపలికి రా కృపమ్మా. ఏంటి, ఇన్నాళ్ళకి?"

"ఒక చదువుపని ఉండి వచ్చాను మాస్టారూ." కొంగుముడి విప్పి ఒక కార్డు తీసింది. "దీన్ని ఒకసారి చదివి పెట్టండి. ఏడాది అయిపోతంది కదా. కరుణమ్మ ప్రతి ఆదివారం చదివి వినిపించేది. ఆమె పోయాక ఎవర్నీ అడగలేదు. సగం మర్చిపోయాను."

నా చేతిరాతే. స్వస్థపరుస్తానన్న వచనం. అంచున గోరు నొక్కు.

క్లాసులో చదివినట్టు, తడబడకుండా, చివరిదాకా చదివాను. తర్వాత, "ఇది నీకెలా వచ్చింది?" అని అడిగాను.

"నాది కాదండి. కరుణమ్మది." ఆమె నేలమీద కూర్చుంది. "నాకు అప్పుడు రొమ్ములో గడ్డ. ఆ నెల్లోనే గుంటూరులో ఆపరేషను. ఆరోజు ఆరాధన మొదలుకాణ్ణించి ఏడుస్తానే ఉన్నాను. ఆమె కార్డు తెచ్చుకుని కూర్చుంది. చదువుకుంది. నవ్వింది. నా చేతిలో కార్డు లాక్కుని తనది నా చేతిలో పెట్టింది. మార్చుకోకూడదు కదమ్మా అన్నాను. 'ఇది దేవుడిచ్చింది కాదులే అక్కా, మా ఆయన ఇచ్చాడు. మార్చుకోవచ్చు' అంది."

నేను కార్డు బల్లమీద పెట్టాను.

"పరీక్షలో చిట్టీ అందించినట్టు దేవుడి పళ్ళెంలో చిట్టీ పెట్టారంటగా మాస్టారూ," అని కృపమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నాకు తగ్గింది. ఆమె పోయింది. ఆమె నోటికాడ ముద్ద నేను లాక్కున్నానేమోనని భయమేసింది. అందుకే మీ ముఖం చూళ్ళేకపోయాను."

అబద్ధం రాయను. ఆ కార్డు ఆమె దగ్గరే ఉండి ఉంటే అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. దాన్ని రాసినవాణ్ణి నేను. నొక్కు పెట్టినవాణ్ణి నేను. ఆ అట్టముక్కలో ఏముందో, ఏం లేదో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరు?

"కాదు కృపమ్మా. అట్లా ఏం కాదు," అన్నాను. అనడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపూ ఆమె నా ముఖమే చూస్తూ కూర్చుంది.

"మరి నీ కార్డులో ఏముంది? ఆమె తీసుకున్నదానిలో?"

"నాకు చదువొస్తేగా. చూడకముందే లాక్కుంది. చదువుకుని చానాసేపు ఊరుకుంది. ఏం వచ్చిందమ్మా అంటే, 'నాకు సరిపోయేదే వచ్చిందక్కా' అంది. మళ్ళీ ఎప్పుడడిగినా అదే మాట."

ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడు నెలలపాటు నా పక్కన, ఒకే ఇంట్లో, ఒకే బండిలో, ఒక మాటను పట్టుకుని ఆమె బతికింది. ఆ మాట ఏంటో నాకు తెలియదు. ఆమెను అడగలేదు. తెలుసనుకున్నాను.

బీరువా వెతికాను. ఆమె చేతిసంచి, మందుల డబ్బా, చీరల మడతలు, కుట్టుపని పెట్టుకునే బిస్కట్ల డబ్బా వెతికాను. లేదు. ఉంటే ఒక్కచోటే ఉండాలి. ఆమె రోజూ చదువుకునే వాక్యం పుస్తకంలో. భూస్థాపన రోజు ఆ పుస్తకాన్ని పెట్టెలో ఆమె చేతుల కింద పెట్టింది నేనే. పెట్టేముందు ఒకసారి తెరిచి చూసి ఉండవచ్చు. చూడలేదు.

నాకు తెలిసిన పని ఒకటే. హాజరు తీయడం. ప్రతి ఏడాదీ ఏయే వచనాలు రాశానో ఒక పాత హాజరుపట్టీలో వరుసగా రాసి ఉంచుకుంటాను, మరుసటి ఏడు అవే మళ్ళీ రాయకుండా. కిందటి ఏడాది తొంభై. పంచగా మిగిలిన ఆరూ పాస్టరుగారి బీరువాలో ఉన్నాయి. ఎనభైనాలుగు ఇళ్ళకు ఎనభైనాలుగు. ఎవరికి ఏది వచ్చిందో కనుక్కుంటూ పోతే, చివరికి ఎవరూ చెప్పకుండా మిగిలేదే ఆమెది.

ఆదివారం చర్చి గుమ్మం దగ్గర పట్టీ పట్టుకుని నిలబడ్డాను. పాస్టరుగారు చూసి, నేనేదో సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడుతున్నాననుకుని సంతోషించారు. సంఘం వాట్సాప్ గుంపులో, కిందటి ఏటి కార్డు ఫోటో తీసి మాస్టారికి పంపండి అని పెట్టారు. మధ్యాహ్నం నుంచి నా ఫోన్‌లో నా చేతిరాతే వస్తూ ఉంది. పసుపు మరకతో ఒకటి. కొవ్వొత్తి మైనం కారినది ఒకటి. ఒకదానికి ఎవరో పిల్లలు పెన్సిలుతో సూర్యుణ్ణి గీశారు. ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్నవాళ్ళు, ఫ్రిజ్ మీద అంటించుకున్నవాళ్ళు, తలగడ గలీబులో పెట్టుకున్నవాళ్ళు. రాసి ఇచ్చిన తర్వాత అవి ఎక్కడ ఉంటాయో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. సాయంత్రానికి డెబ్భై తేలాయి.

సోమవారం బడి అయ్యాక ఇళ్ళకు బయల్దేరాను. దావీదు ఆటో నడుపుతాడు. కార్డు అద్దం పక్కనే ఉంది. రాకపోకల్లో కాపాడతానన్న వచనం.

"దీంతో పెద్ద గోలైపోయింది మాస్టారూ," అన్నాడు. "మొన్న ఒకాయన ఎక్కి, రాకపోకల్లో దేవుడే చూసుకుంటాడని పెట్టుకున్నావు, మరి హారనెందుకురా చెవులు పోయేట్టు కొడతావు అన్నాడు. దేవుడు నన్ను చూసుకుంటాడండి, అడ్డమొచ్చే గేదెల్ని నేను చూసుకోవాలి కదా అన్నాను."

తక్కిన ఇళ్ళన్నీ అతనే తిప్పాడు. కిరాయి తీసుకోలేదు.

చివరి ఇల్లు సుజనది. బట్టలు కుడుతుంది. కార్డు మిషను పైనే అంటించి ఉంది. ఏడుస్తూ విత్తినవాళ్ళు నవ్వుతూ కోస్తారన్న వచనం.

"మీరు రాసింది నాకు పనిచెయ్యలేదండీ మాస్టారుగారూ," అంది, తల ఎత్తకుండానే. "ఏడుపు సరిగ్గానే జరిగింది. నవ్వే రాలేదు."

"మరి తీసెయ్యలేకపోయావా అమ్మా?"

"ఇంకా రెండు రోజులుంది కదండీ," అంది. తర్వాత మిషను ఆపి, "కరుణ వదిన జాకెట్లు బిగువు చేయించుకోడానికి వచ్చినప్పుడు అడిగాను, మీకేం వచ్చింది వదినా అని. బాగా చిక్కిపోయిందండీ అప్పటికే. 'చెప్పనే. మా మాస్టారికి తెలిస్తే కంగారుపడతారు' అంది," అని చెప్పింది.

ఆ రాత్రి పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎనభైరెండు తేలాయి. రెండు వచనాలు మిగిలాయి. రెండు ఇళ్ళు మిగిలాయి. ఒకటి మాది. రెండోది సుమంత్ వాళ్ళది. జూన్‌లో ఆ దంపతులు రేపల్లె విడిచి బాపట్ల వెళ్ళిపోయారు.

మొదటి వచనం, తల నెరిసేదాకా నిన్ను ఎత్తుకుని మోస్తాను, ఆపద తప్పిస్తాను అని. రెండోది, నీకు తెలియని తోవలో నేను నడిపిస్తాను అని.

మొదటిదే అయి ఉంటుందనిపించింది. మార్చిలో ఒకరోజు అద్దం ముందు నుంచి, "ఏవండీ, తొందరగా రండి. నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి," అని పిలిచింది. ఎవరైనా దానికి సంతోషిస్తారా అని విసుక్కున్నాను. ఆ వచనం చదువుకున్న మనిషైతే సంతోషిస్తుంది.

కాని మే నెలలో తెనాలి స్టేషన్లో వంతెన మెట్ల దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని, "ఇక్కణ్ణించి నాకు దారి తెలీదు. పదండి," అంది. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు ఎక్కి దిగిన మెట్లు. వేళాకోళం అనుకున్నాను. అయితే రెండోది కావాలి.

రెండూ ఆమెకు సరిపోతాయి. రెంటిలో ఏది తెలిసినా నేను కంగారుపడేవాణ్ణే. ఆ రెంటిలో ఆమె పట్టుకున్నది ఏదో తెలిస్తే, ఆ ఏడు నెలల్లో ఆమె అన్న ప్రతి మాటనూ మళ్ళీ మొదటినుంచి వినవచ్చు. అంతకంటే నాకేం అక్కర్లేదు.

మంగళవారం బడికి సెలవు పెట్టి, గుడ్డసంచిలో పట్టీ పెట్టుకుని, చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బాపట్ల బస్సెక్కాను. సంచిలో అట్టముక్కల కట్ట కూడా ఉన్న సంగతి బస్సులో కూర్చున్నాక గాని చూసుకోలేదు. రోడ్డుకు రెండువైపులా కోతలైన పొలాలు. అక్కడక్కడ కుప్పలు. బాపట్ల కరుణశ్రీ పుట్టిన ఊరు. పెళ్ళయిన కొత్తలో ఈ దారిలో వచ్చేటప్పుడు, ఊరు ఇంకా ఆరు మైళ్ళుండగానే వచ్చేశాం వచ్చేశాం అని చీర సర్దుకునేది.

సుమంత్‌కు రేపల్లెలో చేస్తున్న ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఒకటో తారీకున బాపట్లలో జిరాక్సు కొట్టు పెట్టుకుంటున్నాడు. ఇంటి ముందుగదిలోనే కొట్టు. నేను వెళ్ళేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది, గోడకు సగం వరకు రంగు వేసి ఉంది. అతని భార్య బిందు నిచ్చెన మీద నుంచి దిగింది. చేతులకు నీలం రంగు.

"మాస్టారుగారా! ఫోన్ చేస్తే స్టేషనుకి వచ్చేవాళ్ళం కదండీ. కూర్చోండి. ఆ స్టూలు వద్దు, తడి. ఏవండీ, కుర్చీ తెండి."

కరుణశ్రీ పోయినప్పుడు రాలేకపోయామని ఇద్దరూ చాలాసేపు నొచ్చుకున్నారు. టీ ఇచ్చారు. వచ్చిన పని చెప్పాను. గోరు నొక్కుతో సహా, దాచకుండా చెప్పాను. ఇంత దూరం ఎందుకు వచ్చానో వాళ్ళకు తెలియాలి కదా.

బిందు ముఖం చిన్నబోయింది. "మా కార్డు పోయిందండీ. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతో పోయిందో, చీపురుతో పోయిందో. అందుకే గుంపులో ఫోటో పెట్టలేదు. సిగ్గేసింది."

"ఏముందో గుర్తుందా అమ్మా?"

"నాకు గుర్తుంది," అన్నాడు సుమంత్. "నడిపిస్తాననే మాటేదో ఉంది."

పట్టీ తెరిచాను. వాళ్ళది నడిపిస్తానన్నదైతే, ఆమెది మోస్తానన్నది.

"అది అంతకు ముందేటిదండీ," అంది బిందు. "అప్పుడు మీరు గుంటూరు ఇంటర్వ్యూకి వెళ్తా జేబులో పెట్టుకున్నారు. మీకు పెళ్ళిరోజే గుర్తుండదు, వచనాలు గుర్తుంటాయా?"

సుమంత్ తల గోక్కున్నాడు. "అవునేమోనండి," అన్నాడు.

నేను రెండు వచనాలూ చదివి వినిపించాను. ఒకటికి రెండుసార్లు. బిందు కళ్ళు మూసుకుని గట్టిగా ఆలోచించింది. సుమంత్ పైకప్పు వైపు చూశాడు. చివరికి ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

తర్వాత బిందు, "ఒక మాట చెప్పనా మాస్టారుగారూ?" అంది. "కరుణక్కకి ఏది వచ్చుంటుందని మీకు అనిపిస్తే అది ఆమె పేరున రాసుకోండి. రెండోది మాదనుకుంటాం. మాకు రెండూ మంచివేనండి. ఎవరూ ఏమీ అనరు."

ఎగతాళికి అన్న మాట కాదు. నా మీద జాలితో, ప్రేమతో అంది. నేను పెన్ను తీశాను కూడా. మోస్తానన్న వచనం పక్కన గడి ఖాళీగా ఉంది. అక్కడ ఒక టిక్కు పెడితే చాలు. బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళేలోపు నాకది నిజమైపోతుంది. తెల్లవెంట్రుకల సంగతి ఉంది, ఆధారం కూడా దొరికినట్టే.

ఒకసారి ఆమె కోసం నేను ఎంచాను. ఆమె దాన్ని తిప్పి ఇచ్చేసింది. నన్ను పదిమందిలో చిన్నబుచ్చకుండా, ఇంట్లో కూడా ఒక్క మాట అనకుండా ఇచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ ఎంచితే, వద్దనడానికి ఆమె లేదు.

పెన్నుకు మూత పెట్టాను.

"వద్దమ్మా. అది ఆమెకు తెలుసు. చాలు," అన్నాను. ఆ మాట నాకు సులువుగా రాలేదు. పట్టీ మూసేశాక, ఆ రెండు ఖాళీ గడులూ మూసిన అట్టలోంచి కూడా కనబడుతూనే ఉన్నాయి.

వెళ్ళొస్తానని లేవబోతుంటే బిందు సంచి వైపు చూసింది. "అవి కొత్త కార్డులా అండీ? మాకు ఇక్కడ ఇంకా ఏ సంఘమూ కుదర్లేదు. ఈ ఏడు మాకు కార్డు ఇచ్చేవాళ్ళు లేరు. కొట్టు మొదలుపెడుతున్నాం. ఉన్నదంతా ఈ మిషనులోనే పెట్టాం. ఒక మాట ఉంటే ధైర్యంగా ఉంటుంది."

కట్ట విప్పాను. తడి ఆరిన స్టూలు దగ్గరకు లాక్కుని, రెండు అట్టముక్కల మీద ఆ రెండు వచనాలే రాశాను. ఏడాది తర్వాత కార్డు రాస్తున్నాను. మొదటి అక్షరం కొంచెం వంకరపోయింది. సుమంత్ వాటిని వెనక్కి తీసుకుపోయి వీపు చాటున కలిపి, బోర్లించి పట్టుకున్నాడు.

"ప్రార్థన చెయ్యండి మాస్టారుగారూ," అంది బిందు.

నాకు బహిరంగంగా ప్రార్థన చేయడం అలవాటు లేదు. "ప్రభువా, ఈ బిడ్డలు కొత్తగా బయల్దేరుతున్నారు. ముందున్నది మాకు కనబడదు. నీకు కనబడుతుంది," అన్నాను. అక్కడితో ఆపి ఆమేన్ అన్నాను.

బిందు కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. పైకి చదవబోతుంటే, "లోపలే చదువుకో అమ్మా," అన్నాను. ఆమె చదువుకుంది. సుమంత్ ఆమె భుజం మీదుగా చదివాడు. వాళ్ళ ముఖాలు చూడకుండా నేను గోడకు వేసిన రంగు వైపు చూశాను.

"మరి ఈ రెండోదండీ? మీరు తీసుకోరా?" అన్నాడు సుమంత్.

"నాది ఎల్లుండి తీసుకుంటాను, అందరితోపాటు," అని, దాన్ని అలాగే బోర్లించి తీసుకుని కట్టలో మధ్యకు దోపాను.

తిరుగు ప్రయాణం బస్సులో కాకుండా రైల్లో పెట్టుకున్నాను. జులై తర్వాత తెనాలి స్టేషనుకు వెళ్ళలేదు. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాలి. బాపట్లలో ఎక్కి తెనాలిలో దిగేసరికి రేపల్లె పాసింజరుకు ఇంకా గంటకు పైగా ఉంది. ప్లాట్‌ఫారం మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. బెంచీమీద కూర్చున్నాను. చేతులకు ఏ పనీ లేకపోతే అక్కడ కూర్చోలేననిపించింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద పట్టీ పెట్టుకుని, కార్డులు రాయడం మొదలుపెట్టాను.

ఏడో కార్డు రాస్తుండగా పాస్టరుగారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, ఏమనుకోకండి. ఎల్లుండే కదా. అచ్చువి తెనాలిలో దొరుకుతాయంట. మనిషిని పంపనా?"

"నేను తెనాలిలోనే ఉన్నానండి. అక్కర్లేదు. రాస్తున్నాను."

ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "దేవునికి స్తోత్రం. అయితే ఒకటో తారీకు పొద్దున్న మీరు కొంచెం ముందుగా వస్తే పళ్ళెం సర్దుకోవచ్చు."

"పళ్ళెం మీరు పట్టుకోండి అయ్యగారూ. కిందటేడు నేనొక తప్పు చేశాను. రేపు వచ్చి చెబుతాను. ఇక పళ్ళెం నేను పట్టుకోను."

"మరి మీరెక్కడ ఉంటారు మాస్టారూ?"

"వరుసలో నిలబడతాను. మా ఇంటి కార్డు తీసుకోవాలి కదా. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అలాగేనండి," అన్నారాయన.

ఫోన్ జేబులో పెట్టుకున్నాక ఈ సంగతంతా కరుణశ్రీకి చెప్పాలనిపించింది. దావీదు గేదెల మాట, పెళ్ళిరోజు మీద బిందు అన్న మాట. మామూలుగానే, బండి ఎక్కాక చెబుదాం, వేమూరు వచ్చేలోపు అయిపోతుంది అనుకున్నాను. అనుకుని, పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ఏడోది పూర్తిచేసి, ఎనిమిదో కార్డు తీసి, రాయడం మొదలుపెట్టాను.